పెద్దల సభకు పంపేదెవరు?

అమెరికాలో రాష్ట్ర సెనేటర్ అభ్యర్థిని ఓటర్లే తేలుస్తారు. మన దగ్గర ఎమ్మెల్సీ పేరు పార్టీ ఆఫీసులో ఖరారవుతుంది. అయినా పట్టభద్రుడి చేతిలో ఒక ఓటుంది. ఆ ఓటును మనం ఏం చేసుకుంటున్నాం?

2025 జూన్ 17. సాయంత్రం అయిదు దాటింది. కలకడలో రాయచోటి–పీలేరు రోడ్డు పక్కన టీ అంగడి ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. తోతాపురి లోడుతో ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి చిత్తూరు దిక్కుకు పోతున్నాయి. మాటలన్నీ మామిడి మీదే. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలిస్తుందట, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుందట, ఆ పన్నెండు చేతికొచ్చేది ఎప్పుడట అని. అంతలో ఒక పెద్దాయన ఫోను మోగింది. కొడుకు వీడియో కాల్. అక్కడ వర్జీనియాలో ఇంకా ఉదయం ఏడున్నరే. అబ్బాయి చొక్కా మీద గుండ్రటి స్టిక్కరు కనబడుతోంది.

"అదేంది నాయనా, చొక్కాకి అతికించుకున్నావు?"

"ఓటేసొస్తి నాయనా. ఓటేసినోళ్లకు ఇది ఇస్తారు."

"ఎలక్షన్లు నవంబర్లో అంటివి కదా?"

"అవి అసలు ఎలక్షన్లు. ఇది దానికి ముందుది, ప్రైమరీ. పార్టీ తరఫున ఎవుర్ని నిలబెట్టాల్నో దీంట్లో మేమే తేలుస్తాం. హైదరాబాదులో పుట్టినామె ఒకామె నిలబడింది. ఇప్పుడు సెనేటరుగా ఉంది."

"సెనేటరంటే మన ఎంపీ మాదిరా?"

"రాష్ట్రం సెనేటరు నాయనా. మన ఎమ్మెల్సీ మాదిరనుకో."

పక్కన కూర్చున్నాయన గ్లాసు కింద పెట్టి అడిగాడు. "మన ఎమ్మెల్సీని ఎవురు నిలబెడతారబ్బా? మనల్నెప్పుడన్నా అడిగినారా?"

బెంచీ మీద ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ కథనం ఆ ప్రశ్న గురించే.

పాఠాలు చెప్పే టీచరమ్మ

ఆ అబ్బాయి చెప్పిన ఆమె గజాలా హష్మీ. 1964లో హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ల వయసులో తల్లి చెయ్యి పట్టుకుని అమెరికా వెళ్లారు. దాదాపు మూడు దశాబ్దాలు కాలేజీలో పాఠాలు చెప్పారు. 2019 దాకా ఏ పదవికీ పోటీ చేసిన మనిషి కాదు. ఆ ఏడాది వర్జీనియా సెనేట్ పదో జిల్లాకు డెమొక్రాటిక్ ప్రైమరీలో ఇద్దరు పోటీదారులను దాటి అభ్యర్థి అయ్యారు. నవంబరులో సిట్టింగ్ రిపబ్లికన్ సెనేటర్‌ను ఓడించారు. నలభై మంది ఉండే ఆ సభలో డెమొక్రాట్లకు 21 స్థానాలతో ఆధిక్యం దక్కింది అప్పుడే. ఆ సభలో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళా ఆమే. తర్వాత సెనేట్ విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు.

2025 జూన్ 17న జరిగింది లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి ప్రైమరీ. ఆరుగురు పోటీ పడ్డారు. రిచ్‌మండ్ మాజీ మేయర్ లాంటి గట్టి వాళ్లున్నారు. అతి స్వల్ప తేడాతో హష్మీ గట్టెక్కారు. నవంబరు 4న గెలిచారు. ఏ సభలో మామూలు సభ్యురాలిగా చేరారో ఆ సెనేట్‌కు అధ్యక్షత వహించేది ఇప్పుడు ఆమే. వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌కు అది ముఖ్యమైన బాధ్యత.

ఈ ప్రయాణంలో గమనించాల్సింది మొదటి మెట్టు. పదవి, పలుకుబడి లేని ఒక పంతులమ్మకు పార్టీ పెద్దల గుమ్మం దగ్గర పడిగాపులు పడకుండా నేరుగా ఓటర్ల దగ్గరికి వెళ్లి "నన్ను అభ్యర్థిని చేయండి" అని అడిగే వీలు దొరికింది. వర్జీనియాలో ఓటరు పార్టీ పేరుతో నమోదు కానక్కర్లేదు కూడా. ఏ పార్టీ ప్రైమరీలో ఓటెయ్యాలో ఆ రోజు తేల్చుకోవచ్చు. టీ అంగడి ముందు కూర్చునే మనిషి అక్కడుంటే అతనికీ ఆ హక్కుండేది.

▪ బాక్సు: అమెరికా రాష్ట్ర సభల్లో మనవాళ్లు

*ఉపేంద్ర చివుకుల: నెల్లూరులో పుట్టారు. 2002 నుంచి 2014 దాకా న్యూజెర్సీ అసెంబ్లీ సభ్యుడు.*
*పద్మా కుప్ప: వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. మిషిగన్ ప్రతినిధుల సభలో రెండు దఫాలు పనిచేశారు. 2022లో అక్కడి సెనేట్‌కు పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడారు.*
*ఉషా రెడ్డి: మన్‌హట్టన్ అనే ఊరికి మేయర్‌గా చేసి, 2023లో కాన్సస్ సెనేట్‌లో అడుగుపెట్టారు.*
*అరుణా మిల్లర్: హైదరాబాదులో పుట్టిన కాట్రగడ్డ వారి ఆడపడుచు. మేరీలాండ్ ప్రతినిధుల సభలో ఎనిమిదేళ్లు, 2023 నుంచి ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్.*

పోలిక సగమే నిజం

"మన ఎమ్మెల్సీ మాదిరనుకో" అన్నాడు అబ్బాయి. ఫోనులో అంతకన్నా చెప్పడం కష్టం. కానీ ఇద్దరి మధ్య తేడా చాలా ఉంది.

అమెరికాలో నెబ్రాస్కా తప్ప మిగతా 49 రాష్ట్రాల్లోనూ రెండేసి సభలున్నాయి. అక్కడ రాష్ట్ర సెనేటర్ ఒక ప్రాంతం నుంచి నేరుగా జనం ఓటుతో గెలుస్తాడు. బడ్జెట్ అయినా, బడి నిధులైనా, పన్నులైనా సెనేట్ ఒప్పుకోకపోతే ముందుకు కదలవు. వర్జీనియాలో అయితే న్యాయమూర్తులను ఎన్నుకునేది కూడా ఈ రెండు సభలే.

మన శాసన మండలికి అంత పట్టు లేదు. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఇంకో నెల. ఆ తర్వాత మండలి ఔనన్నా కాదన్నా బిల్లు నెగ్గినట్టే. ఆఖరికి మండలి ఉండాలా పోవాలా అన్నది కూడా అసెంబ్లీ తీర్మానం చేసి పార్లమెంటుకు పంపితే తేలిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది. అందులో 20 మందిని ఎమ్మెల్యేలు, 20 మందిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. ఎనిమిది మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. మామూలు మనిషి పోలింగ్ బూత్‌కు వెళ్లి ఓటేసేది మిగిలిన పదికే: పట్టభద్రులకు అయిదు, టీచర్లకు అయిదు. అంటే సభలో ఆరో వంతు మాత్రమే.

ఒకే జిల్లా, రెండు ఓట్లు

కలకడ మండలం పీలేరు నియోజకవర్గంలోది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ఎమ్మెల్సీ ఓటు మాత్రం పాత లెక్క ప్రకారమే ఉంది. పట్టభద్రుల ఎన్నికల్లో కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లు ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు స్థానానికి ఓటేస్తారు. దాన్నే తూర్పు రాయలసీమ అంటున్నారు. పక్కనే ఉన్న రాయచోటి వాళ్ల ఓటు కడప–అనంతపురం–కర్నూలు స్థానానికి పోతుంది. అటు చీరాల సముద్రం ఒడ్డు నుంచి ఇటు కుప్పం దాటి కర్ణాటక, తమిళనాడు పొలిమేరల దాకా మూడు పాత జిల్లాలకు కలిపి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఒక్కరే. అంత మేర ఒక మనిషి తిరగడం ఎట్లా? గెలిచిన ఎమ్మెల్సీని ఈ ఆరేళ్లలో చూడనే లేదనే మాట కలకడలోనే కాదు, ఏ మారుమూల మండలంలోనైనా వినబడుతుంది. అది మనిషి తప్పని కొట్టిపారేయలేం. నియోజకవర్గం కొలతే అట్లాంటిది.

2023 మార్చి 13న ఈ స్థానానికి పోలింగ్ జరిగింది. బరిలో 22 మంది. ఈవీఎం లేదు. బీప్ మనే చప్పుడు లేదు. లోపలికి వెళ్తే చేతిలో పెద్ద కాగితం, దానితోపాటు వయొలెట్ రంగు స్కెచ్ పెన్ను పెడతారు. ఆ పెన్నుతోనే రాయాలి. నచ్చిన పేరు ఎదుట 1 అంకె. తర్వాతి వాళ్లకు 2, 3. టిక్కు కొట్టినా, సంతకం పెట్టినా ఓటు చెల్లదు. జేబులోని సొంత పెన్నుతో రాసినా అంతే. డిగ్రీ చదివినవాళ్ల ఎన్నికల్లోనే వేలకొద్దీ ఓట్లు చెల్లకుండా పోవడం ప్రతిసారీ చూస్తున్నాం.

కౌంటింగ్ రాత్రీ పగలూ సాగింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు. చివరి అభ్యర్థి నుంచి ఒక్కొక్కరినీ తప్పిస్తూ, వాళ్ల ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికుందో చూసి కలుపుతూ పోయారు. చివరికి టీడీపీ అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్, వైసీపీ అభ్యర్థి పేర్నాటి శ్యామ్‌ప్రసాద్ రెడ్డి మీద 34 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అంతకుముందు ఈ స్థానం పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమొక్రాటిక్ ఫ్రంట్) నాయకుడు యండపల్లి శ్రీనివాసులురెడ్డిది. అదే వేళ పక్కన పశ్చిమ రాయలసీమలో భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి 7 వేల పైచిలుకు ఓట్లతో గెలిచినా, డిక్లరేషన్ కోసం కౌంటింగ్ కేంద్రం దగ్గరే బైఠాయించాల్సి వచ్చింది. ఉత్తరాంధ్రతో కలిపి అప్పుడు పోలింగ్ జరిగిన మూడు పట్టభద్రుల స్థానాల్లోనూ అప్పటి అధికార పక్షం ఓడింది. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో అధికారమే మారింది. చదువుకున్న పిల్లల మనసులో ఏముందో ఆ మార్చి నెలే చెప్పింది. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి కోచింగ్ గదుల్లో కూర్చున్న వాళ్ల ఓటు అది. 2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం తొలి సంతకం 16,347 టీచరు పోస్టుల డీఎస్సీ మీద పెట్టడం ఊరికే జరగలేదు.

కుప్పం దారిలో ఇద్దరు

పెద్దల సభను పార్టీలు ఎలా వాడుకుంటాయో చూడాలంటే కుప్పం వెళ్లాలి. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గెలుస్తున్న చోటు. 2021లో చిత్తూరు స్థానిక సంస్థల కోటాలో వైసీపీ ఎమ్మెల్సీని చేసింది కుప్పం యువనేత కె.ఆర్.జె. భరత్‌ను. ఎన్నిక ఏకగ్రీవం. ఆయన్నే 2024లో చంద్రబాబు మీద పోటీకి దింపింది. 48,006 ఓట్ల తేడాతో ఓడారు. ఇటు టీడీపీ, పట్టభద్రుల ఓట్లతో గెలిచిన కంచర్ల శ్రీకాంత్‌కు కుప్పం బాధ్యతలు అప్పజెప్పింది. ఒకరిది స్థానిక సంస్థల సీటు, ఇంకొకరిది పట్టభద్రుల సీటు. ఇద్దరికీ పార్టీ ఇచ్చిన పని మాత్రం ఒకే అసెంబ్లీ స్థానం చూసుకోవడం.

వాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఎమ్మెల్సీ పదవిని అన్ని పార్టీలూ టికెట్ దక్కనివాళ్లను ఊరడించడానికో, రేపటి పోటీదారుకు బలం కూర్చడానికో వాడుతున్నాయి. 2021 డిసెంబరు నాటి స్థానిక సంస్థల ఎన్నికల్లో రాష్ట్రంలోని 11 స్థానాలూ ఏకగ్రీవమే. చిత్తూరు జిల్లా ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు తమ ఎమ్మెల్సీ కోసం బ్యాలెట్ పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. పోటీ ఉన్నచోట ఏమవుతుందో కూడా మనకు తెలుసు. ఓటున్న సభ్యులను బస్సులెక్కించి బెంగళూరో గోవానో తీసుకెళ్లి, పోలింగ్ నాటికి తెచ్చి దింపే క్యాంపు రాజకీయం. పల్లెలో గెలిచిన ఒక ఎంపీటీసీకి పెద్దల సభలో తన మాట వినిపించే అవకాశం ఇదొక్కటే. దాన్ని ఆ సభ్యుడు ఇష్టప్రకారం వాడుకోలేకపోతున్నాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

▪ బాక్సు: మండలి వచ్చింది.. పోయింది.. వచ్చింది

*1958 జులై 1: ఆంధ్రప్రదేశ్ శాసన మండలి ఏర్పాటు. తొలి చైర్మన్ మాడపాటి హనుమంతరావు.*
*1964: కవి గుర్రం జాషువా సభ్యుడిగా నామినేట్ అయ్యారు.*
*1983: రద్దు కోరుతూ ఎన్టీఆర్ ప్రభుత్వ తీర్మానం. 1985లో రద్దు.*
*2007: వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో పునరుద్ధరణ.*
*2020 జనవరి 27: రద్దు కోరుతూ జగన్ ప్రభుత్వ తీర్మానం.*
*2021 నవంబరు 23: ఆ తీర్మానం ఉపసంహరణ.*

అడ్డం వస్తే రద్దు

పై తేదీల వెనక ఒకే కథ ఉంది. 1983లో కొత్తగా గెలిచిన ఎన్టీఆర్‌కు అసెంబ్లీలో తిరుగులేదు, మండలిలో మాత్రం కాంగ్రెస్‌ది పైచేయి. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపారు. అప్పుడు మండలిలో టీడీపీ బలం ఎక్కువ. అయిదు రోజులకే అసెంబ్లీ 133–0తో రద్దు తీర్మానం చేసింది. ఏటా 60 కోట్ల ఖర్చు అన్నారు. దాదాపు రెండేళ్లు గడిచి, మండలిలో సొంత పార్టీ బలం పెరిగాక తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. తండ్రి తెచ్చిన సభను కొడుకు వద్దన్నారు. మామగారు తీసేసిన సభ కోసం అల్లుడు వాదించారు. మండలి మీద ఏ పార్టీకీ శాశ్వతమైన అభిప్రాయం లేదు. ఎవరి బలం ఎక్కడుందన్నదే లెక్క.

మరి ఈ సభ వల్ల ఉపయోగం ఏమిటి? 2024 తర్వాతి అసెంబ్లీని చూస్తే జవాబు దొరుకుతుంది. 175లో 164 స్థానాలు టీడీపీ కూటమివి. వైసీపీకి 11. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వాళ్లు సభకు దూరంగా ఉంటూ వచ్చారు. దాంతో ప్రభుత్వాన్ని ఎదురుగా నిలబడి ప్రశ్నించే మాట వినబడింది మండలిలోనే. బొత్స సత్యనారాయణ అక్కడ ప్రతిపక్ష నాయకుడు. 2019–24 నడుమ ఇదే పని మండలిలో టీడీపీ, పీడీఎఫ్ సభ్యులు చేశారు. టీచర్ల పాత పింఛను, కాంట్రాక్టు లెక్చరర్ల జీతాలు, ఎయిడెడ్ బడుల విలీనం వంటి అంశాలు లేవనెత్తడంలో పీడీఎఫ్ వాళ్లది ప్రత్యేక స్థానం. పార్టీ విప్ లేని గొంతు ఒకటైనా సభలో ఉండటం ఎంత అవసరమో వాళ్లను చూస్తే తెలుస్తుంది. అందుకే మండలి ఉండాలన్నది నా మాట. అభ్యర్థిని ఎంపిక చేసే గది తలుపులు తెరవాలన్నది అంతకన్నా గట్టి మాట.

ప్రైమరీ తెస్తే సరిపోతుందా?

అమెరికా పద్ధతి అంతా మంచిదేనని అనలేం. 2018లో అరుణా మిల్లర్ అమెరికా కాంగ్రెస్ కోసం డెమొక్రాటిక్ ప్రైమరీలో పోటీ చేసినప్పుడు ప్రత్యర్థి డేవిడ్ ట్రోన్ కోటి డాలర్ల స్థాయిలో సొంత డబ్బు కుమ్మరించారు. ఆమె ఓడిపోయారు. పైగా ప్రైమరీలకు వచ్చే ఓటర్లు తక్కువ. పట్టుదల ఉన్న కొద్దిమందే అభ్యర్థిని తేల్చేసే ప్రమాదం ఉంది. మన దగ్గర డబ్బు పంచకుండా ఒక ఎన్నికే జరగడం లేదు. దాని ముందు ఇంకో ఎన్నిక పెడితే ఖర్చు రెండింతలవుతుందన్న భయంలో అర్థముంది.

ఇక్కడా చిన్న ప్రయత్నాలు జరగకపోలేదు. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ గుప్పెడు స్థానాల్లో ప్రైమరీ పెట్టి చూసి వదిలేసింది. 2024 ముందు టీడీపీ చాలా నియోజకవర్గాల్లో ఓటర్ల ఫోన్లకు కాల్స్ చేసింది. "ఫలానా వ్యక్తి మీకు అభ్యర్థిగా సమ్మతమైతే ఒకటి నొక్కండి" అని. పొలంలో నీళ్లు కట్టుకునే రైతును ఒక పార్టీ ఆ ప్రశ్న అడగడం మంచి మొదలే. కానీ ఎంతమంది ఒకటి నొక్కారో, ఎంతమంది రెండు నొక్కారో జనానికి చెప్పలేదు. లెక్క బయటపెట్టని ఓటును ఓటనలేం. కనీసం పట్టభద్రుల, టీచర్ల స్థానాల దగ్గరైనా పార్టీలు సభ్యత్వం ఉన్న పట్టభద్రులతో బహిరంగంగా ఓటింగ్ పెట్టి, అంకెలు ప్రకటించి అభ్యర్థిని ఎంచుకుంటే దానికి చట్టం మార్చాల్సిన పని లేదు. పార్టీ అధ్యక్షుడు అనుకుంటే చాలు.

చదువు ఉంది, ఓటు లేదు

ఈ ప్రాంతానికి డిగ్రీ కొత్త కాదు. మదనపల్లెలో బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ 1915లోనే వచ్చింది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉంది. కలకడలో టమోటా సాగు చేసే ఇళ్లలో బీటెక్ చదివిన పిల్ల, ఎంబీఏ చదివిన పిల్లాడు ఉండటం మామూలు సంగతి. అయితే వాళ్లను పట్టభద్రుల ఓటుందా అని అడిగితే "నాకు ఓటర్ కార్డుంది కదా సార్" అంటారు. చాలామందికి తెలియనిది ఇదే. మామూలు ఓటర్ల జాబితాలో పేరున్నంత మాత్రాన ఈ ఓటు రాదు. క్రితంసారి ఓటేసినవాళ్ల పేర్లు కూడా కొత్త జాబితాలో ఉండవు. ప్రతి ఎన్నికకూ జాబితా మొదటి నుంచి తయారవుతుంది, ప్రతిసారీ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. మనం పెట్టుకోకపోతే ఆ ఖాళీలో ఎవరు దూరతారో 2023లో చూశాం. పదో తరగతి దాటనివాళ్లను కూడా పట్టభద్రులుగా చేర్చారని తిరుపతిలో గొడవ గొడవయింది.

తూర్పు రాయలసీమ పట్టభద్రుల స్థానం గడువు 2029 మార్చి 29తో ముగుస్తుంది. దానికి ముందు శరదృతువులో, అంటే 2028 అక్టోబరు, నవంబరు నెలల్లో నమోదు మొదలవుతుంది. నవంబరు 1 అర్హత తేదీ అనుకుంటే అప్పటికి డిగ్రీ పాసై మూడేళ్లు నిండి ఉండాలి. 2025 అక్టోబరు నాటికి డిగ్రీ పూర్తి చేసి, ఈ నియోజకవర్గంలోనే కాపురముంటున్న ప్రతి ఒక్కరూ అర్హులే. ఫారం–18 నింపి, డిగ్రీ సర్టిఫికెట్ నకలు జతచేసి తహసీల్దారు ఆఫీసులో ఇవ్వాలి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. టీచర్లకు ఫారం–19. గడువు అయిదారు వారాలే ఉంటుంది. కలకడ, గుర్రంకొండ, కలికిరి, వాయల్పాడు, పీలేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం.. ఈ ఊళ్లలో డిగ్రీ పట్టా ఉన్న ప్రతి అమ్మాయీ అబ్బాయీ ఆ నెలలో ఒక పూట తీరిక చేసుకుని ఆ కాగితం ఇచ్చి రండి.